రాజీనామాకి పళ్ళూ పూలూ

ఇప్పుడు నేను రాయబోయేది అక్షరాలా నిజం. గోదారి తల్లి మీద ఒట్టు. అది చాలదనుకుంటే మా ఇంటావిడ పెట్టిన ఆవకాయ మీద కూడా ఒట్టేస్తాను. గోదారి మీద వేసిన ఒట్టు తప్పితే పుష్కరాల్లో మునిగి కడుక్కోవచ్చు. ఆవకాయ మీద వేసిన ఒట్టు తప్పితే మాత్రం ఏడాది పొడుగునా చప్పిడి కూడే గతి.

ఇంత గట్టిగా ఒట్టు ఎందుకంటే, కడియం చుట్టుపక్కల నాకు కాస్త చెడ్డ పేరుంది. మా నర్సరీ నుంచి బయల్దేరిన మామిడి మొక్క దారిలోనే కాపు కాసిందనీ, ఊరు చేరేసరికి డ్రైవరు పళ్ళు తినేసి టెంకలు అప్పజెప్పాడనీ నేను చెప్పానట. చెప్పాను. అది వేరే సంగతి, ఇది వేరే సంగతి.

ఈ మధ్యే మోకాళ్ళు మొరాయించి ఉద్యోగం మానేశాను. ఉద్యోగమంటే ఓ పెద్ద నర్సరీలో మేనేజరుగిరీ. మొక్కలు చూసుకోడానికి మనుషులున్నారు, మనుషుల్ని చూసుకోడానికి నేనుండేవాణ్ణి. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలూ, వాళ్ళ నెత్తిన కూర్చుంటున్న నాబోటి వాళ్ళూ ఇది చదివి ఏమైనా నేర్చుకుంటే సంతోషం. నేర్చుకోకపోయినా ఫరవాలేదు, నేనేం నేర్చుకున్నాను గనక!

మా ఓనరు గారు ఒకసారి రాజమండ్రి హోటల్లో జరిగిన ఏదో సదస్సుకి వెళ్ళొచ్చారు. ఇప్పటి పిల్లలకి జీతమొక్కటే సరిపోదు, వాళ్ళ మనసు కూడా కనిపెట్టుకుని ఉండాలి, లేకపోతే చెప్పాపెట్టకుండా మానేస్తారు అని అక్కడ కోటు వేసుకున్నాయన ఎవరో చెప్పాడట. ఆ కోటు ఓనరు గారి మీద బాగా పనిచేసింది. మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచారు.

"ఏమండీ, మన పిల్లలు ఆనందంగానే ఉన్నారంటారా?"

"ఉండక ఏమండీ, పొద్దుట్నుంచీ ఫోనుల్లోనే ఉన్నారు కదా."

"అది కాదండీ. మనసులో."

"మనసులో సంగతి మనకెలా తెలుస్తుందండీ? మా ఇంటావిడ మనసులో ఏముందో పెళ్ళయిన దగ్గర్నుంచీ కనుక్కుంటూనే ఉన్నాను."

"ఆవిడ సంగతి మీరు చూసుకోండి. పిల్లల సంగతి మాత్రం నాకు తేల్చండి."

తేల్చడం మొదలెట్టాను. ప్రతి సోమవారం మొక్కల మీద నీడకి కట్టే షేడ్‌నెట్ కింద కుర్చీలు వేయించి, "మీ మనసులో ఉన్నది ధైర్యంగా చెప్పండర్రా!" అని అరిచేవాణ్ణి. లారీల్ని వెనక్కి రమ్మని పిలిచీ పిలిచీ నా గొంతు అలా తయారైంది. పిల్లలు బిక్కచచ్చి కూర్చునేవారు. మొక్కలకి ఫోటోలు తీసే కుర్రాడొక్కడే ధైర్యం చేసి, "వైఫై రావట్లేదండీ" అన్నాడు. అది మనసులో మాటే కదా అని రాసుకున్నాను.

తరవాత ఉత్తమ ఉద్యోగి పథకం పెట్టాం. నెలకొకరిని ఎంపిక చేసి, ఆఫీసు గోడకి ఫోటో తగిలించాలి. మొదటి నెల ఆ ఫోటోలబ్బాయికే వచ్చింది. ఫోటో పెద్దది చేయించాను, ఫ్రేము కట్టించాను. పూలకేం కరువు మాకు? నిండు బంతిపూల దండ ఒకటి ఫోటోకి వేయించాను. చూడ్డానికి ఎంత నిండుగా ఉందో!

మధ్యాహ్నం వాళ్ళమ్మగారు కేరేజీ ఇవ్వడానికొచ్చి, ఆఫీసు గుమ్మంలో నిలబడి ఆ గోడకేసి చూసింది.

ఆవిడ పెట్టిన కేక వేమగిరి దాకా వినబడిందని చెబితే మీరు నమ్మరు. వినబడింది. లారీ కింద పడుకుని ఫోటో తీస్తున్న కొడుకు లేచి పరిగెత్తుకొస్తే, వాణ్ణి చూసి ఆవిడ రెండో కేక పెట్టింది. ఆ పథకం అక్కడితో ఆపేశాం. వాడు మాత్రం తరవాత చాన్నాళ్ళు, పని చెబితే చాలు, "పోయినవాణ్ణి నాకెందుకు చెబుతారండీ" అనేవాడు.

ఇక అసలు కథ. మా ఆన్‌లైన్ సెక్షను చూసే అమ్మాయి ఒకర్తె ఉండేది. మొక్కల చదువే చదివింది. ఇల్లు పెనుగొండ అవతల పల్లెటూరు. రాజమండ్రిలో హాస్టల్లో ఉంటూ బస్సులో వచ్చేది. దూరపు ఊళ్ళ వాళ్ళు ఫోటో చూసి మొక్కలు అడిగితే జవాబులు చెప్పడం, పంపించడం, పంపించాక వాళ్ళనే మాటలు పడటం, అన్నీ ఆ అమ్మాయి పనే. మా నర్సరీ పేరు గోదారి దాటి బయటికి వెళ్ళిందంటే తన చలవే.

ఇక్కడ మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. కవర్లో పెంచిన మొక్క ఊరుకోదు. కవరు చిల్లుల్లోంచి వేళ్ళు కిందికి దింపి భూమిని పట్టుకుంటుంది. లేపితే ఆ వేళ్ళు తెగుతాయి, ఆకు వాలిపోతుంది. అందుకని లేపిన మొక్కని కొన్నాళ్ళు నీడలో ఉంచి, నీళ్ళు పోసి, తేరుకున్నాక లారీ ఎక్కించాలి. లేపిన రోజే ఎక్కిస్తే దిగేసరికి పుల్లలే మిగుల్తాయి.

నాకిది తెలీదా? మా నర్సరీలో మేకకి కూడా తెలుసు. కానీ మనిషి ఎదురుగా కూర్చుని, మనమిచ్చిన కొబ్బరి బొండాం తాగుతూ, "రేపటికి కావాలండీ" అంటే, కాదని ఎలా అంటాం? మా వైపు అది నోరు తిరగని మాట. "దానికేముందండీ, సాయంత్రానికి ఎక్కించేస్తాను" అని వచ్చేసేది. బొండాం వాళ్ళు తాగేవారు, మత్తు నాకెక్కేది.

ఆ అమ్మాయి నాకు ఫోన్లో మెసేజీలు పెట్టేది. "సర్, క్రోటన్లు ఇంకా తేరుకోలేదు, లోడు చెయ్యొద్దు." నేను వెంటనే రెండు చేతులూ జోడించిన దండం బొమ్మ పంపేవాణ్ణి. "సర్, మందారాలు నిన్ననే లేపారు." మళ్ళీ దండం. ఫోన్లో నాకు చాతనైన జవాబు అదొక్కటే. దండం పెట్టాను కదా, మర్యాద దక్కిందనుకునేవాణ్ణి. లారీ వెళ్ళిపోయేది.

అలాంటి పిల్ల ఓ శుక్రవారం రాజీనామా పంపింది. బెంగుళూరులో తోటలు వేసే కంపెనీలో ఉద్యోగం వచ్చిందట.

ఓనరు గారు కుర్చీలోంచి లేచిపోయారు. "తొలకరి ముంచుకొస్తోంది. ఇప్పుడా పిల్ల వెళ్ళిపోతే ఆన్‌లైన్ మూసుకోవాలండీ. ఏం చేస్తారో నాకు తెలీదు, ఆపండి."

ఎందుకు మానేస్తున్నావని ఆ అమ్మాయినే అడిగితే సరిపోయేది. ఓనరు గారికీ, ఆయన భార్య అమ్మగారికీ, నాకూ, ముగ్గురిలో ఒక్కరికైనా ఆ ఆలోచన రాలేదంటే చూడండి. మా వైపు పిల్లలతో పేచీ వస్తే పిల్లలతో మాట్లాడం. పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్తాం.

"వాళ్ళ నాన్నగారితో ఓ మాటంటే సరిపోతుంది. నేనూ వస్తాను" అన్నారు అమ్మగారు.

ఆదివారం పొద్దున్న అమ్మగారూ నేనూ బయల్దేరాం. పెద్దింటి మనిషి ఎలా పడితే అలా వెళ్ళకూడదు కనక అమ్మగారు పట్టుచీర కట్టుకున్నారు. ఖాళీ చేతుల్తో వెళ్ళకూడదు కనక ఇత్తడి పళ్ళెంలో మా తోట గులాబీలు, తాపేశ్వరం కాజాలు పెట్టుకున్నారు. రావులపాలెంలో ఆగి అరటి గెల కొన్నాం. కారు నడిపింది ఫోటోలబ్బాయి. సాయంత్రం వాడి చుట్టాలింట్లో గృహప్రవేశం ఉందని ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని మరీ వచ్చాడు.

ఇదంతా చదువుతుంటే మీకు ఏదో అనిపిస్తోంది కదూ? ఆ రోజు కారులో ఉన్న మా ముగ్గురికీ ఏమీ అనిపించలేదు.

రెండు గోదారి పాయలూ దాటి ఆ ఊరు చేరేసరికి అమ్మాయి ఇంట్లో లేదు. పెనుగొండలో స్నేహితురాలింటికి వెళ్ళిందట. వాళ్ళ నాన్నగారు రైతు, మితభాషి. గేటు తీసి మా వైపు చూశారు. పట్టుచీర చూశారు. పళ్ళెం చూశారు. గెల చూశారు. కారుకి ఆనుకుని జుట్టు సర్దుకుంటున్న ఇస్త్రీ చొక్కాని కాస్త ఎక్కువసేపు చూశారు.

"రండి రండి. కబురు పెట్టి రావల్సిందండీ" అన్నారు.

"ఎంత మాటండీ, మనలో మనకి కబుర్లేంటి" అన్నాను నేను.

లోపల గిన్నెలు చప్పుడయ్యాయి. మేం మంచినీళ్ళు తాగేలోపు పక్కింట్లోంచి అమ్మాయి పెద్దమ్మగారు తల దువ్వుకుంటూ వచ్చేసింది. గారెలొచ్చాయి, పెసరట్లొచ్చాయి. మా వైపు ఎవరింటికెళ్ళినా ఇవన్నీ వస్తాయి కనక నాకు తేడా తెలీలేదు.

"అబ్బాయిని బయటే నిలబెట్టేశారేంటండీ? లోపలికి రమ్మనండి" అన్నారు నాన్నగారు.

వాడొచ్చాడు. పెద్దమ్మగారు వాడి ఎదురుగా పీట వేసుకు కూర్చుని వరసగా అడిగింది. ఏ ఊరు, ఎందరు తోబుట్టువులు, సొంతిల్లేనా, సిగరెట్టు కాలుస్తాడా. వాడు గారె నములుతూ అన్నిటికీ బుద్ధిగా జవాబు చెప్పాడు. శనివారాలు మందుకి యానాం వెళ్ళే అలవాటుందా అనడిగితే మాత్రం గారె గొంతుకి అడ్డం పడింది.

"జాతకం తెచ్చారా?" అంది పెద్దమ్మగారు.

"ఎవరిదండీ?" అన్నాను.

"ఎవరిదేంటి? అబ్బాయిది!"

అమ్మగారు తన పట్టుచీర వైపు చూసుకున్నారు. నేను పళ్ళెం వైపు చూశాను. ఫోటోలబ్బాయి రెండో గారె మెల్లిగా ఆకులో పెట్టేశాడు. సరిగ్గా అప్పుడే స్కూటీ చప్పుడైంది. అమ్మాయి లోపలికొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"సర్! మీరేంటి ఇక్కడ?"

"ఏం లేదమ్మా... నీ రాజీనామా గురించి..."

"రాజీనామా ఏంటి?" అన్నారు నాన్నగారు.

"బెంగుళూరు ఉద్యోగం వచ్చిందంటగా అండీ..." అని అమ్మగారు సర్దబోయారు.

"బెంగుళూరేంటి?"

అప్పుడర్థమైంది. ఆ పిల్ల ఇంట్లో ఇంకా చెప్పలేదు. మంచి సమయం చూసి నెమ్మదిగా చెబుదామనుకుంది. ఆ సమయాన్ని మేం గులాబీలతో సహా పట్టుకెళ్ళి పాడుచేశాం.

నాన్నగారికి రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. సంబంధమనుకుని చుట్టాన్ని పిలిపించి మర్యాదలు చేస్తే, అది కాకపోవడం ఒకటి. కన్నకూతురి సంగతి పరాయివాళ్ళ నోట వినడం ఒకటి. ఆయన అరవలేదు. అరిస్తే బావుండేది.

"ఆ ఉద్యోగమూ వద్దు, ఈ ఉద్యోగమూ వద్దమ్మా. రేపట్నుంచి ఇంట్లో ఉండు" అని, మా వైపు తిరిగి, "కాఫీ తాగి వెళ్ళండి" అన్నారు. తాగాం. అంత చేదు కాఫీ నేనెక్కడా తాగలేదు, పంచదార సరిపోయినా.

తిరిగొచ్చేటప్పుడు సిద్ధాంతం దగ్గర గోదారి వంతెన మీద ఫోటోలబ్బాయి, "పెద్దమ్మగారికి నేను నచ్చినట్టున్నానండీ" అన్నాడు. "రోడ్డు చూసి నడపరా" అన్నాను.

సోమవారం అమ్మాయి రాలేదు. మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. "సర్, గురువారం లోపు బెంగుళూరు వాళ్ళకి ఏ రోజు చేరతానో ఖాయం చెయ్యాలి. లేకపోతే వేరేవాళ్ళని తీసుకుంటారు. నాన్న వినట్లేదు. మీరు చెడగొట్టింది మీరే బాగుచెయ్యండి." దాని కిందే ఇంకోటి. "దండం పెట్టకండి."

పెట్టలేదు. ఒక్క వేలితో, "వస్తున్నానమ్మా" అని కొట్టి పంపాను.

మర్నాడు ఒక్కణ్ణే బస్సెక్కాను. చేతిలో పువ్వు కాదుగదా, ఆకు కూడా లేదు. నాన్నగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. మజ్జిగ ఇప్పించారు. అలిగినా మజ్జిగ మానరు మావాళ్ళు. అమ్మాయి గుమ్మం పక్కన నిలబడింది.

"అంత దూరం ఆడపిల్లని పంపడానికి భయపడుతున్నాననుకుంటున్నారేమో. అది కాదండీ" అన్నారాయన. "మీ దగ్గర పని చేస్తూ ఇది ఫోన్లో రోజూ తిట్లు తినేదంట. వాళ్ళమ్మ చూసింది. ఆదివారాలు కూడా ఆ తిట్లు చదువుకుని ఏడ్చేదంట. పని వచ్చినవాళ్ళని ఎవరైనా ఎందుకు తిడతారండీ? కడియంలోనే నెగ్గుకు రానిది బెంగుళూరులో ఏం నెగ్గుతుంది? అక్కడ ఏడిస్తే చూసేవాళ్ళు కూడా ఉండరు."

ఇదీ ఆయన బెంగ. కూతురికి పని రాదేమో, అది దాచుకోడానికి దూరం పారిపోతోందేమోనని.

అప్పుడు నేను గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాను. కండువా సర్దుకుని ఒక ఉపన్యాసం ఇచ్చాను. అయ్యా, ఆ తిట్లు మీ అమ్మాయివి కావు, నావి అన్నాను. మొక్క వేరు తెగితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు, నారు పీకి నాటిన చేతులు మీవి అన్నాను. వద్దు వద్దని ఈ పిల్ల మొత్తుకుంటుంటే మొహమాటానికి లారీలు కదిలించింది నేను, చచ్చిన మొక్కలకి క్షమాపణలు చెప్పింది ఈ పిల్ల అన్నాను. ఇన్ని మాటలు పడి కూడా ఒక్క కొనుగోలుదారుణ్ణి పోగొట్టకుండా నిలబెట్టిందంటే బెంగుళూరు కాదు, లండనయినా నెగ్గుకొస్తుంది అన్నాను. నా గొంతుకి రోడ్డు మీద సైకిళ్ళు ఆగిపోయాయి. పెద్దమ్మగారు పైటచెంగుతో కళ్ళొత్తుకుంది. కట్టుగొయ్య దగ్గర గేదె నెమరు వెయ్యడం మానేసి నాకేసి చూసింది. నాన్నగారు లేచొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

ఆ అమ్మాయి బెంగుళూరు వెళ్ళింది. వెళ్ళేముందు కొన్నాళ్ళు వచ్చి, తన కుర్చీలో ఫోటోలబ్బాయిని కూర్చోబెట్టి పనంతా నేర్పింది. ఓనరు గారు నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఆపమని పంపితే సాగనంపి వచ్చానని ఆయన కోపం. తరవాత తప్పక ఒక పద్ధతి పెట్టారు. ఫోటోలబ్బాయి సరేనంటే తప్ప లారీ కదలకూడదు. మొదటి వారమే భీమవరం వైపు నుంచి రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన వచ్చి, కొత్త కల్యాణ మండపానికి ఆ సాయంత్రమే మొక్కలు కావాలన్నారు. బొండాం అప్పటికే నా చేతిలో ఉంది. ఇంతలో వాడు బయటికొచ్చి, "ఇవాళ ఇవ్వమండీ, చచ్చిపోతాయి" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. ఆయన మాత్రం, "ఓహో, అలాగా! పైవారం వస్తాన్లెండి" అని బొండాం తాగేసి వెళ్ళిపోయారు. కాదనడం ఇంత తేలికని నాకెవరూ చెప్పలేదు. చెప్పారు, మెసేజీల్లో. నేను దండాలు పెట్టాను.

ఇదీ సంగతి. ఇందులో మేనేజర్లకి నీతి ఏమైనా ఉంటే ఏరుకోండి. పళ్ళెం పట్టుకుని వెళ్ళేముందు అమ్మాయిని అడగండి, అంతకంటే పెద్ద నీతి నా దగ్గర లేదు.

ఒట్టు వేశాను కదా. ఆవకాయ మీద. రాసింది మళ్ళీ చదువుకుంటే ముద్ద దిగట్లేదు, అందుకని చెప్పేస్తున్నాను. దండేసిన ఫోటో నిజం. గారెలు నిజం, జాతకం నిజం. కేక వేమగిరి దాకా వినబడకపోయి ఉండొచ్చు. కానీ అసలు అబద్ధం అది కాదు. ఆ ఉపన్యాసం నేనివ్వలేదు.

ఆ రోజు నేను లేవనే లేదు. కండువా కూడా లేదు నాకు. నాన్నగారు ఆ తిట్ల సంగతి అడగ్గానే మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చుండిపోయాను. మాట్లాడింది ఆ అమ్మాయి. గుమ్మం పక్కనుంచి కదలకుండా, గొంతు పెంచకుండా, వేళ్ళ సంగతీ లారీల సంగతీ మెసేజీల సంగతీ అన్నీ చెప్పింది. చివర్లో, "ఆయన మంచివారే నాన్నా. కాకపోతే ఎవర్నీ కాదనలేరు. ఆయన కాదనలేని వాళ్ళందరి చేతా నేను తిట్లు తిన్నాను. పని రాక కాదు" అంది.

ఏ సైకిలూ ఆగలేదు. గేదె దాని మానాన అది నెమరు వేసుకుంటోంది. నాన్నగారు నా వైపు తిరిగారు.

"ఏమండీ. మా అమ్మాయి చెప్పింది నిజమేనా?"

నాలుక చివర ఎన్ని సాకులున్నాయో! ఆ ఏడాది ఎండలు మండిపోయాయని చెప్పొచ్చు. లారీ డ్రైవరు దారిలో పడుకున్నాడని చెప్పొచ్చు. ఏదో తెగులు వచ్చిందని దానికి ఇంగ్లీషు పేరు కూడా పెట్టి చెప్పొచ్చు. అమ్మాయి నా వైపు చూడట్లేదు. గుమ్మానికి రాసిన పసుపు గోటితో గీకుతోంది.

"నిజమేనండి" అన్నాను.

ఆ రోజు ఆ ఇంట్లో నేను మాట్లాడింది అంతే. నాన్నగారు లోపలికి తిరిగి, "బెంగుళూరు రైలు తణుకులో ఆగుతుందేమో కనుక్కోండే" అని కేకేశారు.